మరమ్మతుల పేజీ: మూలనపడ్డ సోడా కెగ్‌లు

ఎండలు ముదరకముందే సోడా, షర్బత్ షాపుల వాళ్లు కొందరు ఇంచుమించు ఒకే విషయం మీద రాశారు. కూల్‌డ్రింక్ కంపెనీలు ఒకప్పుడు ఫౌంటెన్ మిషన్లకు సిరప్ పంపిన స్టీలు కెగ్‌ల (ప్రెషర్ పట్టే పీపాల) గురించి ఆ ప్రశ్నలు. సిరప్ అట్టపెట్టెలోని సంచుల్లోకి మారాక ఈ కెగ్‌లు సెకండ్‌హ్యాండ్ సరుకయ్యాయి. విదేశాల్లో ఇళ్లలో బీరు కాచుకునేవాళ్లు వీటిని ఎగబడి కొన్నారు. సోడాకు మాత్రం ఇవి పుట్టుకతోనే సరిపోయేవి. వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: మూతపడిన ఒక కూల్‌డ్రింక్ షాపు నుంచి ఆరు స్టీలు ట్యాంకులు బేరానికి వచ్చాయి. నాలుగేళ్లుగా షెడ్డులో పడున్నాయట. పిడి రబ్బరు చీలిపోయింది, రెండిట్లో ఏదో కదులుతున్న చప్పుడు. కొనొచ్చా? గోలీ సోడాతో పాటు నిమ్మ సోడా, సుగంధి కూడా పెట్టాలని ఆలోచన.
— సోడా షాపు యజమాని, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: కొనండి, కానీ చూసి కొనండి. ఈ కెగ్‌లు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. నాలుగేళ్లు కాదు, ఇరవై ఏళ్లు మూలన పడున్నా ఆ స్టీలు ఊరికే పాడవదు. పాడయ్యేవి రబ్బరు రింగులు, స్ప్రింగులు. అవి ఎలాగూ మార్చుకునేవే. చీలిన పిడి, లోపల గడ్డకట్టిన నల్లటి పాకం బేరం తగ్గించడానికి పనికొస్తాయి తప్ప, వాటిని చూసి వెనక్కి తగ్గక్కర్లేదు.

మీరు చూడాల్సినవి మూడు చోట్లున్నాయి. మొదటిది లోపలి అడుగు. మూత తీసిన కెగ్‌లో సెల్‌ఫోన్ టార్చి వేసి అడుగునా, నిలువు వెల్డింగు గీత వెంటా చూడండి. గోధుమరంగు మచ్చ ఉంటే పోతుంది. గుండుసూది మొనంత గుంటలు కనబడితే ఆ కెగ్ వదిలేయండి. స్టీలును లోపలికి తొలుచుకుపోయే ఆ గుంటలో మురికి చేరితే ఏ మందూ అక్కడిదాకా వెళ్లదు. రెండోది మూత కూర్చునే కోడిగుడ్డు ఆకారపు నోరు. ఒంటి మీద సొట్ట ఉన్నా ఫర్వాలేదు, ఈ నోటి అంచు మీద సొట్ట ఉంటే మాత్రం గ్యాస్ నిలవడం కష్టం. మూడోది బయటి అడుగు. అడుగుకు తొడిగిన రబ్బరు బూటు ఊడదీసి చూడండి, బూటులో నిలిచిన తడికి తుప్పు పట్టేది అక్కడే. అడుగు బయటికి ఉబ్బి ఉంటే ఏదో ఒకనాడు లోపల గడ్డకట్టి ఉండొచ్చు, ప్రెషర్ హద్దు దాటి ఉండొచ్చు. అది ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఒంటి మీద చెక్కిన అక్షరాలు కూడా చదవండి. పాత కెగ్‌లలో చాలావాటి మీద గరిష్ఠ ప్రెషర్ 130 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అని ఉంటుంది. ఆ అంకె చెరిపేసినవీ, వెల్డింగుతో అతుకేసినవీ తీసుకోవద్దు.

ఇక ఆరూ ఒకే రకమా అన్నది చూసుకోండి. పెప్సీ వాళ్లు వాడినవి బాల్-లాక్: పొడుగ్గా, సన్నగా ఉంటాయి. కోకాకోలా వాళ్లవి పిన్-లాక్: కాస్త పొట్టిగా, లావుగా ఉంటాయి. రెండిట్లోనూ పట్టేది దాదాపు 19 లీటర్లే. పిన్-లాక్‌లో గ్యాస్ పోస్టుకు (పోస్టు అంటే పైపు తగిలించే మొన) రెండు పిన్నులు, సోడా పోస్టుకు మూడు పిన్నులు ఉంటాయి కాబట్టి పైపులు తారుమారు కావు. బాల్-లాక్‌లో రెండు పోస్టులూ ఒకేలా కనబడతాయి. గ్యాస్ పోస్టు నట్టు మూలల మీద చిన్న గాట్లుంటాయి, గుర్తు అదే. ఒకదాని కప్లర్ (పోస్టుకు పైపును కలిపే ముక్క) రెండోదానికి పట్టదు. మీ ఆరింటిలో నాలుగు ఒక రకం, రెండు ఇంకో రకం అయితే ఆ నాలుగే తీసుకోండి. రెండు రకాల కప్లర్లు కొనడం అదనపు ఖర్చు.

ప్రశ్న: అటువంటివే రెండు తెచ్చాను. మూత రావట్లేదు, స్క్రూడ్రైవర్ పెట్టి లేపుదామనుకుంటున్నాను. లోపల పాత సిరప్ ఉంది. విప్పడం, కడగడం వరుసగా చెప్పండి.
— జ్యూస్ సెంటర్ నిర్వాహకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. మూత రావట్లేదంటే లోపల ఇంకా ప్రెషర్ ఉందనుకునే పని మొదలుపెట్టాలి. ఏళ్ల తరబడి నిలవున్న సిరప్‌లో నీళ్లు చేరితే పులుస్తుంది, పులిస్తే గ్యాస్ పుడుతుంది. లోపలి గ్యాస్ మూతను కింది నుంచి బిగించి పట్టుకుంటుంది కనుక మూత లోపలికి దిగదు. బలవంతాన కదిపితే గ్యాస్, సిరప్ ఒక్కసారిగా మొహం మీదికి చిమ్మొచ్చు.

మూత మధ్యలో రింగు ఉంటే అది లాగి గ్యాస్ వదలండి. పిన్-లాక్ మూతలు చాలావాటికి ఆ రింగు ఉండదు. అప్పుడు గ్యాస్ పోస్టు మీద మందపాటి గుడ్డ కప్పి, మొహం పక్కకు పెట్టి, మధ్యలోని చిన్న వాల్వును స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. చప్పుడు రాలేదని గ్యాస్ లేదనుకోవద్దు, పాకం అడ్డుపడి ఉండొచ్చు. సోడా పోస్టునూ అలాగే నొక్కండి. రెండూ మూసుకుపోతే కెగ్ తలభాగం మీద బాగా వేడినీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి అరగంట ఉంచి మళ్లీ నొక్కండి. అక్కడ పట్టుకున్నది పంచదార. అది వేడినీటికి కరిగినట్టు ఏ ఆయిలుకీ కరగదు. గ్యాస్ అంతా పోయాక మూత మీది లివర్ ఎత్తి, మూతను రబ్బరు సుత్తితో కిందికి తట్టండి. మూత లోపలికి దిగాలి, పక్కకు తిరగాలి, అప్పుడు పైకి వస్తుంది. పైకి లాగితే ఎప్పటికీ రాదు.

తరవాత పోస్టులు. బాల్-లాక్‌లో ఎక్కువవాటికి నట్టు విప్పే 7/8 అంగుళం లోతు సాకెట్ పానా సరిపోతుంది, 22 మిల్లీమీటర్లది కూడా పడుతుంది. కొన్నిటికి 11/16 కావాలి. పిన్-లాక్‌కు మామూలు సాకెట్ ఎక్కదు, పిన్నులు అడ్డం. 13/16 అంగుళం లోతు సాకెట్‌కు పిన్నులు దూరే గాట్లు పెట్టించాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లేతు పనివాడైనా పెట్టిస్తాడు, ఒక కెగ్ తోడు తీసుకెళ్లి కొలత చూపించండి. పైపు పానా, కటింగ్ ప్లేయరు వాడితే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఆ పైన ఇక ఏ సాకెట్టూ పట్టదు.

పోస్టు ఊడాక కింద గొట్టం వస్తుంది. పొడుగుది సోడా వైపు, పొట్టిది గ్యాస్ వైపు. గొట్టం మెడలో చిన్న రబ్బరు రింగు ఉంటుంది. పోస్టు లోపలి స్ప్రింగు వాల్వు వేలితో నొక్కితే ఊడొస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోకపోతే తరవాత పని అంతా వృథా: ఒక్కో కెగ్ సామాను ఒక్కో గిన్నెలో విడిగా వేసుకోండి, గ్యాస్ వైపుది, సోడా వైపుది కలపకండి. బయటికి ఒకేలా ఉన్నా తయారీదారును బట్టి మరలు మారతాయి. ఒకదాని పోస్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కి ఆగుతుంది. అక్కడ బలంగా బిగిస్తే కెగ్ మర చెడుతుంది, కెగ్ మర చెడితే కెగ్ పోయినట్టే. గ్యాస్ వైపు పొట్టి గొట్టం కొన్నిట్లో ప్లాస్టిక్కుది. దాన్ని మరగబెట్టకండి.

కడగడం. ముందు ఉత్త వేడినీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి పాకం వదిలించండి. తరవాత 19 లీటర్ల కెగ్‌కు 100 గ్రాముల సోడియం పర్‌కార్బొనేట్, 40 గ్రాముల సోడియం మెటాసిలికేట్ 60 డిగ్రీల నీళ్లలో కలిపి అంచుదాకా నింపండి. పర్‌కార్బొనేట్ నీళ్లలో ఆక్సిజన్ విడిచి పాకాన్నీ బూజునూ లోపలి నుంచి వదులు చేస్తుంది, మెటాసిలికేట్ జిడ్డు విడగొడుతుంది. నాలుగు గంటలు చాలు, మరీ మొండిగా ఉంటే రాత్రంతా ఉంచండి. రొయ్యల చెరువులకు ఆక్సిజన్ కోసం అమ్మే పొడిలోనూ, బిళ్లల్లోనూ ఉండేది పర్‌కార్బొనేటే. అయినా ఆ సరుకులో ఇంకేం కలిపారో మనకు తెలియదు కాబట్టి తాగే పాత్రకు వద్దు. కెమికల్ షాపులో విడిగా అడిగి కొనండి. మెటాసిలికేట్ చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ఈ ద్రావణం లోపలుండగా మూత బిగించకూడదు. విడుదలయ్యే ఆక్సిజన్‌తో మూసిన కెగ్‌లో ప్రెషర్ పెరుగుతుంది. మూత ఊరికే కప్పి పెట్టండి, చాలు.

పోస్టులు, వాల్వులు, గొట్టాలు అదే ద్రావణంలో ఒక బేసిన్‌లో నానబెట్టండి. అల్యూమినియం బేసిన్ వాడకండి, ద్రావణం దాన్ని తినేస్తుంది. పొడుగు గొట్టం లోపలికి సన్నని పొడవాటి బ్రష్ పోనివ్వాలి. కెగ్ ఎంత మెరిసినా సోడాకు వాసన వచ్చేది ఈ గొట్టంలో మిగిలిన పొర వల్లనే. కెగ్ గోడలకు ఆకుపచ్చ స్క్రబ్బరు చాలు. ఇనుప పీచు వద్దే వద్దు: తెగిన ఇనుప పోగులు స్టీలులో దిగబడి తుప్పు పడతాయి, జనం కెగ్ తుప్పు పట్టిందనుకుంటారు. ద్రావణం పారబోశాక ఆరనివ్వకుండా వెంటనే వేడినీళ్లతో నాలుగుసార్లు తొలవండి. ఆరితే మెటాసిలికేట్ తెల్లటి పొరగా అతుక్కుంటుంది.

ప్రశ్న: మాది బోరునీళ్లు. మీరు చెప్పిన లాంటి పొడితోనే కడిగాం. పాకం పోయింది గానీ తెల్లటి గరుకు పొర, అక్కడక్కడ తుప్పురంగు మచ్చలు మిగిలాయి. బ్లీచింగ్ పౌడర్ వేసి రెండు రోజులు ఉంచాం, మచ్చలు పెరిగాయి.
— గుంటూరు బ్రాడీపేట పాఠకురాలు

జవాబు: బ్లీచింగ్ పౌడరే మచ్చలు పెంచింది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా కాపాడేది పైనుండే కంటికి కనబడని క్రోమియం ఆక్సైడ్ పొర. క్లోరిన్, క్లోరైడు ఆ పొరను చిల్లులు పొడుస్తాయి. రెండు రోజులు నానితే అవి గుంటలవుతాయి. ఇక మీదట కెగ్ దగ్గరికి బ్లీచింగ్ పౌడరు గానీ, యాసిడ్ అని బాత్‌రూములకు అమ్మే హైడ్రోక్లోరిక్ ఆమ్లం గానీ రానివ్వకండి. ఈ రెండూ కలిస్తే విషవాయువు కూడా పుడుతుంది.

తెల్లపొర బోరునీటి సున్నం. క్షారం దాన్ని కరిగించదు, ఆమ్లం కరిగిస్తుంది. చింతపండు ఇత్తడి బిందెకు సరే, ఇక్కడ బలం చాలదు. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం తీసుకోండి. లీటరుకు 20 గ్రాములు, కెగ్‌కు దాదాపు 380 గ్రాములు, 60 డిగ్రీల నీళ్లు, ఒక గంట. అయితే మొదట క్షారంతో కడిగి, బాగా తొలిచాకే ఆమ్లం. జిడ్డు మీద ఆమ్లం పోస్తే జిడ్డు కింద సున్నం అలాగే ఉండిపోతుంది. క్షారం మిగిలి ఉంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని నురగ తప్ప ఏమీ మిగలదు.

తుప్పు మచ్చలకు ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న స్టీలు క్లీనర్ పొడిని తడి స్పాంజితో స్టీలు గీతల దారిలోనే రుద్దండి. అది విషం, గ్లవ్స్‌తో పట్టుకుని తరవాత చాలాసార్లు కడగండి. మచ్చ పోయాక గోటితో తడిమి చూడండి. నున్నగా ఉంటే బతికినట్టే. గోరు తట్టుకుంటే ఆ కెగ్‌ను తాగేవాటికి వాడకండి.

మచ్చలు తీసిన చోట రక్షణ పొర మళ్లీ ఏర్పడాలి. లీటరుకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు, 50–60 డిగ్రీల వేడి, అరగంట. ఆపైన మంచినీటితో తొలిచి, మూత తీసి, బోర్లించి ఒక రోజు గాలికి ఆరనిస్తే ఆ పొర గాలిలోని ఆక్సిజన్‌తో దానంతటదే కట్టుకుంటుంది. ఒక కెగ్‌కు 950 గ్రాములు ఖర్చు కదా అనిపిస్తే అదే ద్రావణాన్ని వేడిచేసి రెండో కెగ్‌లో, మూడో కెగ్‌లో పోసుకోండి. ఆఖరి తొలుపుకు మాత్రం ఆర్‌వో నీళ్లే వాడండి. బోరునీళ్లతో ముగిస్తే సున్నం మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: కెగ్ తళతళలాడుతోంది. అయినా ఉత్త సోడా నింపితే సుగంధి వాసన వస్తోంది. ఎన్నిసార్లు కడిగినా పోదేం?
— గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: వాసన స్టీలులో లేదు, రబ్బరులో ఉంది. సుగంధి వాసన నూనెల్లాంటి పదార్థాలది, రబ్బరు వాటిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. కడిగితే పోదు, రింగులు మార్చాలి. ఒక్కో కెగ్‌కు ఐదు: మూతకు పెద్దది ఒకటి, పోస్టుల బయట రెండు, గొట్టాల మెడలో రెండు. పాతవి వెంట తీసుకెళ్లి లోపలి వ్యాసం, మందం రెండూ సరిచూసుకోండి. పాతవి సాగి ఉంటాయి, కనుక రబ్బరుతో పాటు అది కూర్చునే గాడినీ కొలవడం మంచిది. ఫుడ్‌గ్రేడ్ రబ్బరులో ఈపీడీఎం, నైట్రైల్ లేదా సిలికాన్ రకం అడగండి. మోటారు పంపులకు వాడే రబ్బరు వద్దు.

రింగు మీద ఫుడ్‌గ్రేడ్ సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. కొబ్బరినూనె, వాజలిన్ రాస్తే ఈపీడీఎం ఉబ్బిపోతుంది, కొబ్బరినూనె ముక్కిన వాసన కూడా వేస్తుంది. కొత్త రింగులు వేశాక సుగంధికి ఒక కెగ్ శాశ్వతంగా కేటాయించి దాని మీద పేరు రాసేయండి. ఉత్త సోడా అందులో ఎప్పుడూ నింపకండి.

ప్రశ్న: రాత్రి గ్యాస్ పెడితే పొద్దుటికి ప్రెషర్ సగానికి పడిపోతోంది. అన్ని రింగులూ కొత్తవే.
— మంగళగిరి పాఠకుడు

జవాబు: కెగ్‌లో నీళ్లున్నాయా? ఉంటే అది లీకు కాకపోవచ్చు. నీళ్లు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి, చల్లబడేకొద్దీ ఇంకా పీల్చుకుంటాయి. లీకు పరీక్ష ఖాళీ కెగ్ మీదే చేయాలి. 30 పీఎస్‌ఐ పెట్టి, గ్యాస్ పైపు తీసేసి, సబ్బునురగ రాయండి.

బుడగ ఎక్కడ వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పోస్టు మధ్య రంధ్రంలోంచి వస్తే స్ప్రింగు వాల్వు: ఇసుక రేణువు చిక్కిందో, రబ్బరు అరిగిందో. నట్టు అడుగు చుట్టూ వస్తే గొట్టం మెడ రింగు: నలిగి ఉంటుంది లేదా గొట్టం వంకరగా కూర్చుంది. పైపు తగిలించినప్పుడు మాత్రమే లీకైతే పోస్టు బయటి రింగు. రింగు లాగే వాల్వు దగ్గర వస్తే విప్పి శుభ్రం చేయండి, ఆగకపోతే మార్చండి. దాన్ని మైనంతోనో గమ్‌తోనో మూసేవాళ్లున్నారు. రెగ్యులేటరు చెడిననాడు కెగ్‌ను కాపాడేది అదొక్కటే, ఎట్టి పరిస్థితిలోనూ మూయకండి.

మూత చుట్టూ బుడగలు అన్నిటికంటే మామూలు. మూత తీసి 180 డిగ్రీలు తిప్పి పెట్టండి, చాలాసార్లు అంతటితో కుదురుతుంది. మూత లివర్ కాళ్ల కింద పలచని రబ్బరు ముక్కలు పెడితే మూత ఇంకా గట్టిగా పైకి లాగబడుతుంది. నోటి అంచు కాస్త వంకర ఉంటే మెత్తటి సిలికాన్ రింగు ఆ తేడాను పూడుస్తుంది. మూత కూర్చోవడానికి మొదట ఒకసారి 30 పీఎస్‌ఐ కొట్టాలి. ఐదారు పీఎస్‌ఐతో మొదలుపెడితే మంచి మూత కూడా కారుతుంది.

చల్లదనం మాట కూడా: 4 డిగ్రీల నీటిలో 30 పీఎస్‌ఐ వద్ద పట్టే గ్యాస్, 32 డిగ్రీల నీటిలో సగం కూడా పట్టదు. నీళ్లు చల్లబరచకుండా ప్రెషర్ పెంచుకుంటూ పోతే గ్లాసులో నురగ తప్ప సోడా ఉండదు.

ప్రశ్న: కుళాయి దాకా పైపు కోసం ఇత్తడి నిపుల్, రాగి చుట్ట దొరికాయి. వాడొచ్చా?
— కృష్ణలంక, విజయవాడ

జవాబు: వద్దు. సోడా స్వల్ప ఆమ్లం, నిలవున్న చోట రాగినీ ఇత్తడినీ కరిగిస్తుంది. పొద్దున్నే మొదటి గ్లాసు తాగినవాళ్లకు లోహపు రుచి, వికారం, వాంతులు. సోడా తగిలే ప్రతి భాగం స్టెయిన్‌లెస్ స్టీలో, ఫుడ్‌గ్రేడ్ ప్లాస్టిక్కో కావాలి. గ్యాస్ వైపు ఇత్తడి ఫర్వాలేదు, కానీ మధ్యలో వెనక్కి రానివ్వని వాల్వు ఉండాలి.

ప్రశ్న: ఇదే కెగ్‌లో ఇంట్లో బీరు చేసి నింపుకోవచ్చని మిత్రులంటున్నారు. బీరు కంపెనీ డ్రమ్ము ఒకటి పాత సామాన్ల కొట్లో చూశాను.
— పేరు రాయని పాఠకుడు, తెనాలి

జవాబు: ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం, ఇంటి వాడకానికైనా సరే. ఆ డ్రమ్ము కూడా వదిలేయండి. దానికి పైన మధ్యలో ఒకటే నోరుంటుంది, లోపల పొడుగు గొట్టం బిగించి ఉంటుంది. ప్రెషర్ పోకుండా విప్పితే ఆ గొట్టం బాణంలా పైకి దూసుకొస్తుంది. పైగా అటువంటి డ్రమ్ములు బీరు కంపెనీల ఆస్తి.

ప్రశ్న: వానాకాలంలో సోడా అమ్మకాలు తగ్గుతాయి. కెగ్‌లు, గ్యాస్ సిలిండరు ఎలా దాచాలి? మళ్లీ తీసేటప్పుడు ఏం చేయాలి?
— పట్టాభిపురం, గుంటూరు

జవాబు: కెగ్‌ను కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మూత బిగించి 5–10 పీఎస్‌ఐ గ్యాస్ పెట్టి దాచండి. నెల తరవాత మూత మధ్య రింగు లాగినప్పుడు బుస్సుమంటే లోపలికి ఏమీ చేరలేదని అర్థం. చప్పుడు రాకపోతే లీకు వెతుక్కోండి. తడి రబ్బరు బూటులో నిలబెట్టి ఉంచకండి.

మళ్లీ తీశాక 80 డిగ్రీల నీళ్లు నింపి 20 నిమిషాలుంచితే క్రిములు చస్తాయి, గొట్టాల్లోంచీ కుళాయిలోంచీ ఆ నీళ్లే వదలండి. ఖాళీ చేశాక మూత బిగించి చల్లారనివ్వద్దు. లోపలి ఆవిరి నీరైపోయి శూన్యం ఏర్పడుతుంది, బయటి గాలిని దుమ్ముతో సహా రింగుల సందుల్లోంచి లాక్కుంటుంది. పైన పలచగా గుడ్డ కప్పి చల్లారాకే మూయండి.

సిలిండరు విషయంలో మా ఆందోళన వానాకాలం కంటే మే నెల గురించే ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే సిలిండరులో ద్రవంగా ఉండలేదు, అక్కడి నుంచి వేడితో పాటు ప్రెషర్ గబగబా పెరుగుతుంది. మన ఎండల్లో రేకుల షెడ్డు కింద, బండి మీద నిలబెట్టడం ప్రమాదం. నీడన, నిలువుగా, గొలుసుతో కట్టి ఉంచండి. తలుపులు మూసిన చిన్న గదిలో పెట్టి పక్కనే పడుకోవద్దు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుని ఊపిరాడనివ్వదు. నింపించేటప్పుడు వెల్డింగు గ్యాస్ కాకుండా ఫుడ్‌గ్రేడ్ అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. సిలిండరు భుజం మీద కొట్టిన పరీక్ష తేదీ చూడండి, ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ పరీక్ష చేయించకుండా నింపించవద్దు.